జర్మనీ బూటుకి కుంకుమ బొట్టు

ఒక జర్మన్ హ్యాండ్‌బాల్ ఆటగాడి వృత్తి జీవితాన్ని ముగించినదాన్ని నేను. ఈ మాట గొప్పకి చెప్పడం లేదు, ఒప్పుకోలుగా చెబుతున్నాను. ఆ మనిషి పదిహేనేళ్ళపాటు ఐదు ఊళ్ళ జట్లకి ఆడాడు. ఎడమ మోకాలికి రెండు ఆపరేషన్లు, కుడి మోకాలికి ఒకటి అయ్యాయి. ముక్కు రెండుసార్లు విరిగింది. కుడిచేతి చిటికెన వేలు ఇప్పటికీ ముడవదు; టీ తాగుతుంటే ఆ వేలొక్కటీ పెళ్ళిలో అలిగిన బావగారిలా విడిగా నిలబడుతుంది. వంద కిలోల డిఫెండర్లు, ముగ్గురు సర్జన్లు, ఒక విడాకుల కేసు ఇన్నీ కలిసి చెయ్యలేని పనిని నేను చిటికెడు కుంకుమతో చేశాను. అది ఎలాగో చెబుతాను. విన్నాక మీరు నన్ను తిట్టుకోవచ్చు. మా అమ్మాయి స్ఫూర్తి ఆరేళ్ళుగా ఆ పనిలోనే ఉంది, దానికి తోడు దొరుకుతుంది.

ముందు నా సంగతి. నా పేరు రాజీ. మాది తెనాలి. మా నాన్నగారికి అక్కడ ప్రింటింగ్ ప్రెస్సు ఉండేది. నేను ఎమ్మే పొలిటికల్ సైన్స్ చదివాను. ఇప్పుడు ఆస్ట్రేలియాలో, సిడ్నీ పక్కన పారమట్టాలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో జనం ఇచ్చే ఫిర్యాదులు తీసుకునే ఉద్యోగం చేస్తున్నాను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఫిర్యాదులు వింటాను, ఇంటికొచ్చాక నేను చేస్తాను. వినే బాధ్యత మా ఆయన మూర్తిది. హారిస్ పార్క్‌కి రెండు స్టేషన్ల అవతల మా ఇల్లు, వెనక పెరట్లో గ్రానీ ఫ్లాట్ అనే ఒంటిగది ఇల్లు. ఆరేళ్ళ కిందట అందులో అద్దెకి దిగినవాడే ఈ యోనాస్.

అప్పటికి అతనికి ముప్పై ఆరు. జర్మనీలో కాంట్రాక్టు అయిపోతే సిడ్నీలో ఒక చిన్న క్లబ్బు వాళ్ళు ఒక సీజన్ ఆడమని పిలిపించారు. మనిషి బీరువా అంత ఉంటాడు. మాటలు మాత్రం టెలిగ్రాములా పొదుపు. అతను నాతో మాట్లాడింది ఇంగ్లీషులోనే అయినా ఇక్కడ తెలుగులోనే రాస్తాను. కొంచెం పొడవైతే అది నా తప్పు, అతనిది కాదు.

హ్యాండ్‌బాల్ అంటే ఏమిటో అప్పట్లో నాకు తెలియదు. అడిగాను.

"ఫుట్‌బాల్ లాంటిదే. చేతులతో ఆడతాం," అన్నాడు.

"మరి నువ్వేం చేస్తావు అందులో?"

"ఎదుటివాళ్ళు ఆరుగురు గోలు ముందు గోడలా నిలబడతారు. నేను ఆ గోడలోకి దూరతాను. వాళ్ళు తోస్తారు. నేను అక్కడే ఉంటాను. బంతి వస్తే గోలులోకి వేస్తాను."

నాకు వెంటనే అర్థమైంది. పండగ ముందు రోజు విజయవాడ బస్టాండులో తెనాలి బస్సెక్కడం. అది నేను డిగ్రీ మూడేళ్ళూ చేశాను, అదీ మోకాళ్ళు చెడగొట్టుకోకుండా. ఆ మాటే అన్నాను. అతను కాసేపు ఆలోచించి, "మీరు ఏ పొజిషన్‌లో ఆడేవారు?" అని అడిగాడు. మర్యాదస్థుడు.

గొడవ మొదలైంది బంక దగ్గర. హ్యాండ్‌బాల్ ఆడేవాళ్ళు బంతి చేతికి అతుక్కోవడానికి పైన్ చెట్టు బంక రాసుకుంటారు. ఒక డబ్బాలో తేనెలా చిక్కగా ఉంటుంది. ఆ బంక చేతి నుంచి బంతికి ఎంత అంటుకునేదో నాకు తెలియదు కానీ మా ఇంటికి మాత్రం బాగా అంటుకుంది. సైడు గేటు గడియ, గరాజ్ స్విచ్చి, ఉత్తరాల పెట్టె, చివరికి బట్టల తీగ కూడా జిగటే. ఒకసారి కరెంటు బిల్లు నా చేతికి అంటుకుని లోపలి దాకా వచ్చింది.

"యోనాస్, నా గేటు నన్ను వదలడం లేదు," అన్నాను.

"సారీ. బంక."

"నీళ్ళతో కడుక్కోవచ్చుగా."

"నీళ్ళతో పోదు."

"మరి దేనితో పోతుంది?"

"జర్మనీలో దానికొక క్రీము ఉంది. ఇక్కడ ఇంకా దొరకలేదు."

"దొరికేదాకా నా గేటు తియ్యడానికి మోచెయ్యి వాడు."

ఆ రోజు నుంచి అతను మోచేత్తోనే గేటు తీశాడు. నేను వేళాకోళానికన్నానేమోనన్న అనుమానం అతనికి ఎన్నడూ రాలేదు. రూలంటే రూలు. ఆ సంచి, ఆ బూట్లు, ఆ బంతులు, ఆ డబ్బా, ఏవీ ఇంట్లో ఉండకూడదు, గరాజ్‌లో ఒక మూల ఉండాలి అన్నాను. దానికీ సరే అన్నాడు. పైగా ప్రతి వారం అడక్కుండానే మా చెత్త బిన్నులు రోడ్డు మీద పెట్టి, మళ్ళీ లోపలికి తెచ్చేవాడు. నా కాపురంలో అడక్కుండా బిన్ను కదిపిన మగవాణ్ణి అప్పుడే మొదటిసారి చూశాను. అక్కడ మెత్తబడ్డాను. అసలు ప్రమాదం నేను మెత్తబడ్డప్పుడే మొదలవుతుంది. కోపంగా ఉన్నంతసేపూ నా వల్ల ఎవరికీ నష్టం లేదు.

సెప్టెంబరు చివర్లో ఒక సాయంత్రం పెరటి మెట్ల మీద మోకాలికి ఐసు కట్టుకుని కూర్చున్నాడు. ఉప్మా పళ్ళెం చేతికిచ్చి, ఏమిటి సంగతి అన్నాను.

"వచ్చే ఆదివారం ఫైనల్. ఆ రోజు క్లబ్బు కమిటీ వచ్చి చూస్తుంది. బాగా ఆడితే ఇంకో రెండేళ్ళు ఉంచుకుంటారు. లేకపోతే ఇంటికి పంపేస్తారు."

"ఇంటికెళ్ళి ఏం చేస్తావు?"

"మా అన్నయ్యకి తలుపులు, కిటికీలు బిగించే షాపుంది."

ఆ మాట అన్నప్పుడు అతని మొహం చూశాను. తలుపులంటే నాకేమీ చిన్నచూపు లేదు. కానీ పద్నాలుగేళ్ళ వయసు నుంచి గోడల్లోకి దూరడమే పనిగా పెట్టుకున్నవాడికి, ఇక ఆ గోడలకి తలుపులు బిగించుకోమని చెప్పడం అన్యాయమనిపించింది.

"కోచ్‌గా చేరొచ్చుగా?"

"కోచ్ అంటే చచ్చిపోయిన ఆటగాడు," అన్నాడు. అని, ఉప్మాలో కరివేపాకు ఏరి పళ్ళెం అంచున వరసగా పేర్చుకున్నాడు.

నేను లోపలికొచ్చి కేలండర్ చూశాను. వచ్చే ఆదివారం విజయదశమి. దాని ముందురోజు శనివారం ఆయుధపూజ.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి మా నాన్నగారి గురించి చెప్పాలి. ఆయుధపూజ నాడు మా ప్రెస్సులో మిషన్ని కిరసనాయిలుతో కడిగి, తుడిచి, అక్షరాల గళ్ళన్నీ దులిపి, అన్నిటికీ పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టేవారు. ఆ రోజు ఎవరూ దేన్నీ ముట్టుకోకూడదు. పెళ్ళి శుభలేఖలు ఆగిపోయినా సరే. "పనిముట్టు మురిగ్గా ఉంటే అది పనివాడి మొహానికి అంటినట్టే," అనేవారాయన. ఆ ప్రెస్సు ఉన్న ముప్పై ఏళ్ళలో మిషను ఒక్కనాడూ మొరాయించలేదు. అది కిరసనాయిలు మహిమో కుంకుమ మహిమో విడదీసి చూసే తెలివి పొలిటికల్ సైన్సులో నేర్పరు.

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. నేను అడక్కపోయినా పెడతాను. బొట్టు.

శనివారం పొద్దున్నే యోనాస్ ఈత కొలనుకి వెళ్ళాడు. నేను గరాజ్‌లోకి వెళ్ళి సంచి విప్పాను. ఏం చెప్పమంటారు. మూడు బంతులు, మూడూ బెల్లం పాకంలో ముంచి ధూళిలో దొర్లించినట్టున్నాయి. బూట్లకి పక్కన ఒక్కో ముద్ద బంక, నమిలి అంటించిన చూయింగ్ గమ్ములా. ఇక ఆ డబ్బా తెరిస్తే పైన వెంట్రుకలు, దారప్పోగులు, ఒక చీమ శవం. పదిహేనేళ్ళు ఈ మనిషికి చెప్పేవాళ్ళెవరూ లేకపోయారు పాపం అనుకున్నాను.

జర్మనీ క్రీము నాకెందుకు? పనసపండు కోసిన చేతులివి. పనస బంక దేనికి లొంగుతుందో తెలిసినదానికి పైన్ బంక ఒక లెక్కా. కొబ్బరినూనె తెచ్చాను. బంతులకి తలంటినట్టు పట్టించి, పావుగంట నాననిచ్చి, గిన్నెల సబ్బుతో వేణ్ణీళ్ళు పోసి తోమాను. మూడు బంతులూ పసిపిల్లల బుగ్గల్లా తేలాయి. బూట్ల మీది ముద్దల్ని చెంచాతో గీకాను. గీకినచోట మచ్చ పడింది. మచ్చ కనపడకుండా సరిగ్గా అక్కడే కుంకుమ బొట్టు పెట్టాను, పాత రూపాయి బిళ్ళంత. చెరిగిపోకుండా కుంకుమ కాస్త నూనెలో తడిపి మరీ పెట్టాను. పని తెలిసినదాన్ని.

డబ్బా మంచిది, మూత గట్టిది. అందులో ఉన్నదాన్ని చెత్త వేసే ఎర్ర మూత బిన్నులో పడేసి, డబ్బా కడిగి, అక్షింతలు పోసి పెట్టాను.

స్ఫూర్తికి అప్పుడు యూనివర్సిటీలో మొదటి సంవత్సరం. టోస్టు నములుతూ వచ్చి గరాజ్ గుమ్మంలో ఆగిపోయింది.

"అమ్మా. డిడ్ యూ ఆస్క్ హిమ్?"

"ఎందుకే అడగడం? సర్‌ప్రైజ్ చేద్దామని."

"అమ్మా, హీ ఈజ్ జర్మన్. హీ డజంట్ డూ సర్‌ప్రైజ్."

"నీ లాప్‌టాప్ కూడా తీసుకురా, బొట్టు పెడతాను."

అది లాప్‌టాప్‌తో సహా ఇంట్లోంచి పారిపోయింది. మా ఆయన వచ్చి, వరసగా పీట మీద కూర్చున్న మూడు బంతుల్నీ, దండ వేసుకున్న బూట్లనీ చూశారు.

"ఆ నిమ్మకాయలేమిటి బూట్లలో?" అన్నారు.

"కారు చక్రాల కింద పెడతాం కదండీ. అతనికి కారు లేదు. బూట్లే చక్రాలు."

ఆయన ఏమీ అనలేదు. ఇరవై మూడేళ్ళ కాపురంలో ఆయన ఏమీ అనని ప్రతిసారీ నేను తప్పే చేశానన్నది ఆయన తరవాత చెప్పిన లెక్క. ఏమీ అనని మనిషి లెక్కలు కట్టకూడదన్నది నా వాదన.

మధ్యాహ్నం యోనాస్ వచ్చి సంచి అడిగాడు. సాయంత్రం కాసేపు బంతి విసిరి చూసుకోవాలట.

"ఇవాళ ఆ సంచి ముట్టుకోకూడదు," అన్నాను.

"ఎందుకు?"

"ఈ రోజు ఎవరి పనిముట్టూ వాళ్ళు ముట్టుకోకూడదు. నేను వంటగదిలో కత్తి కూడా ముట్టుకోలేదు. పొద్దుటి నుంచి పెరుగన్నమే."

"ఇది రూలా?"

"రూలే."

"సరే," అన్నాడు. వెళ్ళి పడుకున్నాడు.

చూశారా. మన పిల్లల్లో ఒక్కడైనా ఇంత తేలిగ్గా సరే అంటాడా? అదే మన పిల్లవాడైతే దొంగతనంగానైనా సంచి తెరిచి చూసేవాడు, ఉపద్రవం శనివారమే బయటపడేది, ఇంత కథ ఉండేది కాదు. కాబట్టి ఇందులో కొంత తప్పు జర్మన్ పెంపకానిది.

ఆదివారం సంచి జిప్పు వేసి చేతికిచ్చాను. లోపల ఏముందో బట్టలు మార్చుకునే గదిలో చూసుకుని తనే మురిసిపోవాలని నా కోరిక. అతను జట్టువాళ్ళ కారెక్కాడు, మేం ముగ్గురం మా కారులో వెనకాలే వెళ్ళాం. నేను పట్టుచీర కట్టుకుని, పండగ కదా, మొహాన కుంకుమ పెద్దదే పెట్టుకున్నాను.

అదొక స్పోర్ట్స్ హాలు. వంద మంది జనం. నా పక్క సీట్లో నెరిసిన జుట్టావిడ ఒకరు ఫ్లాస్కులో టీ, ఒళ్ళో నోటుబుక్కుతో కూర్చున్నారు. పేరు మార్గరెట్ అన్నారు. ఎవరి తరఫున వచ్చారన్నాను. "అందరి తరఫునా," అన్నారు. ఎవరి అమ్మమ్మో అనుకున్నాను.

ఆట మొదలవబోయే ముందు యోనాస్ బెంచీ దగ్గర బూటులో కాలు పెట్టాడు. ఆగాడు. కాలు బయటికి తీశాడు. చితికిన నిమ్మకాయ తీసి చూశాడు. రెండో బూటులో చెయ్యి పెట్టి రెండో నిమ్మకాయ ముందే తీశాడు. అనుభవం నుంచి నేర్చుకునే మనిషి. తరవాత బూటు పక్కన బొట్టు చూశాడు. తరవాత డబ్బా మూత తీశాడు. జట్టంతటికీ ఆ డబ్బా ఒక్కటే దిక్కని నాకు అప్పటికి తెలియదు. ఆరుగురూ చుట్టూ చేరి లోపలికి తొంగి చూశారు. ఒకడు పచ్చటి బియ్యపుగింజ ఒకటి తీసి నోట్లో వేసుకుని నమిలాడు. అది బంక కాదని నిర్ధారణ అయింది.

యోనాస్ తలెత్తి జనంలో నా కోసం వెతికాడు. చూపు కలిసింది. నేను బొటనవేలు పైకెత్తి చూపించాను.

ఎదుటి జట్టుని బంక అడిగారు. వాళ్ళు నవ్వారు. రిఫరీ ఈల వేశాడు. ఆట మొదలైంది.

మొదటి పాసు నేరుగా యోనాస్ చేతుల్లోకి వచ్చింది. చేతుల్లోంచి నేరుగా మూడో వరసలో ఒక పెద్దాయన ఒళ్ళోకి వెళ్ళింది. రెండోది గోడకి. మూడోది రిఫరీకి. ఆ రోజు ఆడే బంతి కూడా మనం తలంటిన వాటిలో ఒకటే. తోమినా కొబ్బరినూనె పూర్తిగా పోలేదని తెలిసింది. ఎదుటి గోల్‌కీపర్ బంతి పట్టుకున్నప్పుడల్లా ఒకసారి వాసన చూసి మరీ విసురుతున్నాడు. వాళ్ళ చేతులకి బంక ఉంది కాబట్టి వాళ్ళకి నడిచిపోతోంది. కొండనాలుకకి మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నేను శుభం కోరి పూజ చేస్తే ఉన్న బంక ఊడింది.

"ఏమైంది ఇతనికి? ఇలా ఎప్పుడూ ఆడలేదు," అన్నారు మార్గరెట్.

"బంతి బాగోలేదు," అన్నాను.

"అమ్మా," అంది స్ఫూర్తి.

"నువ్వు నోరు ముయ్యి."

సగం ఆట అయ్యేసరికి ఐదు గోల్సు వెనక. మళ్ళీ మొదలైన పది నిమిషాలకి ఏడు. అప్పుడు జరిగింది అసలు సంగతి. ఈ ఆటగాళ్ళు బూటు పక్కన బంక ముద్ద ఎందుకు అంటించుకుంటారో అప్పుడు తెలిసింది. ఆట మధ్యలో చెయ్యి జారితే వంగి బూటు మీద వేళ్ళు రుద్దుకుని లేస్తారు. ఇంకు సీసాలో కలం ముంచుకున్నట్టు. యోనాస్‌కి అక్కడ బంక లేదని తెలుసు. కానీ అతని వేళ్ళకి తెలియదు. పదిహేనేళ్ళ అలవాటున వేళ్ళు వాటంతటవే వెళ్ళి బూటు పక్కన గట్టిగా రుద్దుకుని వచ్చాయి. రెండు చేతులూ, రెండు బూట్లూ.

లేచి బంతి పట్టాడు. చెమటకి తడిసిన నూనె కుంకుమ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. బంతి ఎర్రబడింది. మొహం తుడుచుకున్నాడు, మొహం ఎర్రబడింది. తెల్ల జెర్సీకి చేతులు తుడుచుకున్నాడు. అతన్ని అడ్డుకోవడానికొచ్చిన డిఫెండర్ అతని మొహం చూసి, తనే చేతులు పైకెత్తి వెనక్కి తగ్గాడు. ఆ ఒక్క గోలు మాత్రం తేలిగ్గా పడింది.

రిఫరీ ఈల ఊదాడు.

"రక్తం. బయటికి వెళ్ళు."

"రక్తం కాదు," అన్నాడు యోనాస్.

"మరేమిటి?"

యోనాస్ ఆలోచించాడు. ఎప్పుడూ ఆలోచించే జవాబు చెబుతాడు. "మతం," అన్నాడు.

రిఫరీ రూలు చెప్పాడు. ఒంటి మీద, బట్టల మీద రక్తం ఉన్నవాళ్ళు ఆడకూడదు, శుభ్రం చేసుకుని రావాలి. ఇక నేను ఊరుకుంటానా? చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని మెట్లు దిగాను.

"చూడు నాయనా, ఇది కుంకుమ. పసుపుతో చేస్తారు. పెట్టింది నేను. నేను సాక్షిని."

"మేడమ్, మీరు కోర్టులోకి రాకూడదు."

"నా మొహం చూడు. నాకూ ఉంది. నాకేమన్నా దెబ్బ తగిలిందా?"

అతను నా మొహం చూశాడు. "మేడమ్, మీరు కూడా శుభ్రం చేసుకుని రండి," అన్నాడు.

నీళ్ళు పోసి తుడిచారు. కుంకుమ మీద నీళ్ళు పోస్తే పోతుందా, పాకుతుంది. ఎరుపు జెర్సీ అంతా పరుచుకుంది. ఆ నంబరుతో వేరే జెర్సీ లేదు. చివరి ఇరవై నిమిషాలు, ఏ ఇరవై నిమిషాల మీద అతని రెండేళ్ళ బతుకు ఆధారపడి ఉందో ఆ ఇరవై నిమిషాలు, యోనాస్ బెంచీ పక్కన నిలబడిపోయాడు.

నేను వెనక్కొచ్చి కూర్చున్నాను. మా ఆయన నీళ్ళ సీసా ఇచ్చారు. ఏమీ అనలేదు.

ఆడటానికి లేదు కాబట్టి అతను అరవడం మొదలుపెట్టాడు. ఏడాదంతా నాతో ఆడిన మాటలన్నీ కలిపినా అన్ని ఉండవు. నువ్వు ఎడమకి, నువ్వు ఆగు, అతన్ని వదులు, ఇప్పుడు వెయ్యి. బంక లేకపోతే ఒంటిచేత్తో పట్టకండి, రెండు చేతులతో పట్టి దగ్గర దగ్గరగా పాసులివ్వండి అన్నాడు. ఆ కుర్రాళ్ళు అలాగే చేశారు. తేడా ఐదుకి తగ్గింది. నాలుగుకి తగ్గింది. రెండుకి. జనం లేచి నిలబడ్డారు.

మార్గరెట్ ఏదో రాసుకుంటున్నారు. నాకు లోపల భయం. అతని గురించి ఎవరితోనో ఒకరితో మంచిమాట చెప్పాలనిపించింది. పక్కనున్నది ఈవిడే. నా నోరు ఊరుకోదు కదా.

"చూశారా అండీ," అన్నాను. "ఆయన లోపలున్నప్పుడు ఆయనొక్కడే ఆడాడు. ఆయన బయట నిలబడ్డాక ఏడుగురూ ఆడుతున్నారు."

ఆవిడ పెన్ను ఆపి నన్ను చూశారు. "ఇంకోసారి చెప్పండి," అన్నారు. చెప్పాను. ఈసారి నెమ్మదిగా, ఒక్కో మాటా విడమరిచి. ఫిర్యాదుల విభాగంలో అలవాటు.

ఒక్క గోలు తేడాతో ఓడిపోయారు.

హాలు ఖాళీ అవుతుంటే యోనాస్ డబ్బా పట్టుకుని మా దగ్గరికొచ్చాడు. చెవుల దాకా ఎరుపే.

"రాజీ, ఇందులో బియ్యం ఉంది."

"అక్షింతలు."

"బంక ఎక్కడ?"

"ఎర్ర మూత బిన్నులో."

అతను తలాడించాడు. "రేపు ఆ బిన్ను నేనే బయట పెట్టాలి," అన్నాడు. అంతే. తిట్టి ఉంటే నేనూ నాలుగు అని ఉందును, ఇద్దరికీ తేలికపడేది. తిట్టని మనిషితో ఎలా పోట్లాడాలో నాకు ఇప్పటికీ తెలియదు.

వారం తరవాత క్లబ్బు నుంచి ఉత్తరం వచ్చింది. ఉంచుకుంటున్నారు. రెండేళ్ళు కాదు, మూడేళ్ళు. ఆటగాడిగా కాదు, కోచ్‌గా. కింద సంతకం క్లబ్బు అధ్యక్షురాలిది, మార్గరెట్ అని ఉంది. పెరటి మెట్ల మీద కూర్చుని యోనాస్ ఉత్తరం పైకి చదివాడు. "ఆయన లోపలున్నప్పుడు ఆయనొక్కడే ఆడాడు. ఆయన బయట నిలబడ్డాక ఏడుగురూ ఆడుతున్నారు."

చదివి నా వైపు చూశాడు. "ఈ మాట అన్నదెవరో తెలుసా?"

"క్లబ్బులో ఎవరో తెలివైనవాళ్ళు," అన్నాను.

అతను నవ్వలేదు. అరచేతులు తిప్పి చూసుకున్నాడు. "పదిహేనేళ్ళలో మొదటిసారి శుభ్రంగా ఉన్నాయి," అన్నాడు. ఆ చేతులతో ఏం చెయ్యాలో తెలియనట్టు కాసేపు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు, కాసేపు తీశాడు. చివరికి నేనిచ్చిన ఉప్మా పళ్ళెంలో కరివేపాకు ఏరడానికి వాడాడు.

ఆ సాయంత్రం నేను సైడు గేటు తీశాను. గడియ ఎక్కడా అంటుకోలేదు. తీసినంత తేలిగ్గా వదిలేసింది. ఏడాదిపాటు దీనికోసమేగా పోట్లాడాను. నాకేం బాగోలేదు.

అక్కడితో ఆగి ఉంటే ఇది విచారగాథగా మిగిలేది. కానీ మరుసటి ఏడు ఆయుధపూజ నాడు యోనాస్ తనంతట తనే తలుపు కొట్టాడు. చేతిలో పళ్ళెం. పళ్ళెంలో ఒక విజిలు, ఒక స్టాప్‌వాచీ.

"రాజీ, ఇప్పుడు నా పనిముట్లు ఇవి," అన్నాడు. "ఇవాళ ముట్టుకోను. రూలు."

నా కళ్ళు చెమర్చాయి. అడిగి మరీ పెట్టించుకుంటున్నాడు. విజిలు కడిగాను, తుడిచాను, బొట్టు పెట్టాను. సరిగ్గా ఎక్కడ పెట్టానంటే, విజిలు చిన్నది కదా, చోటున్నచోట పెట్టాను.

మర్నాడు సాయంత్రం మార్గరెట్ నుంచి ఫోను.

"రాజీ, కంగారుపడకు. ప్రాక్టీసులో విజిలు ఊదగానే యోనాస్ నోట్లోంచి రక్తం వచ్చింది. ఆంబులెన్సు పిలిచాం. అతనేమో వద్దంటున్నాడు. అడిగితే మతం, మతం అంటున్నాడు. తలకి కూడా దెబ్బ తగిలిందేమోనని మా అనుమానం."

కాబట్టి మా నాన్నగారి మిషన్ సాక్షిగా, ఎర్ర మూత బిన్ను సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట ఈ దేశంలో ఏ క్రీడాకారుడి పనిముట్టునీ అడక్కుండా కడగను. అడిగినా కుంకుమ పెట్టను. పసుపు మాత్రమే రాస్తాను. రిఫరీలకి ఆ రంగు అలవాటే, వాళ్ళ జేబులో హెచ్చరిక కార్డు ఉండేది ఆ రంగులోనే.